కుట్టు నేర్పితే సరిపోదు

మన సంఘం నిధిలో ఈ ఏడు కొంత సొమ్ము మిగిలింది. దానితో ఏం చేయాలన్న మాట రెండు నెలలుగా నడుస్తోంది. హాలుకు కొత్త గేటు పెట్టాలని కొందరు, మార్కండేయ రథోత్సవం ఇంకా ఘనంగా చేయాలని కొందరు, మన ఇండ్లలో ఆడవాళ్ళకు సొంత వ్యాపారం నేర్పే తరగతులు పెట్టాలని ఇంకొందరు అంటున్నారు. నాది మూడో పక్షం. కానీ ఆ పక్షంవాళ్ళు రాసుకొచ్చిన ఖర్చుల కాగితం చూసినాక మనసు కుదుటపడలేదు. అందులో మూడే పద్దులున్నాయి. కుట్టు మిషన్లు, టీచరు జీతం, సర్టిఫికెట్లు పంచే రోజు సభ ఖర్చు. నేర్చుకునే మనిషి పేరు మీద ఒక్క రూపాయి కూడా లేదు.

నేను షోలాపూర్ తూర్పు భాగంలో ఇరవై రెండేళ్ళుగా స్కూలు యూనిఫారాలు, లంగాలు, మ్యాక్సీలు కుడుతున్నాను. ఎందరికో కుట్టు నేర్పాను. అందుకే ఈ మాట చెప్పే హక్కు నాకు కొంచెం ఉందనుకుంటాను.

మా నాయిన మిల్లులో మగ్గాల ఖాతాలో పనిచేసేవాడు. అమ్మ ఇంట్లో బీడీలు చుట్టేది. మిల్లు మూతపడ్డప్పుడు నాకు పదకొండేళ్ళు. నాయినకు రావలసిన బకాయి ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. అప్పుడు అమ్మకు ఒక ఆలోచన వచ్చింది. మా గల్లీలో జొన్నలు పట్టించే గిర్ణీ లేదు. డబ్బా నెత్తిన పెట్టుకుని రెండు గల్లీలు దాటి పోవాలి. మరాఠీలో బట్టల మిల్లునూ గిర్ణీ అంటారు, పిండి మరనూ గిర్ణీ అనే అంటారు కదా. "ఆ గిర్ణీ పోతే పోయింది, మనం ఈ గిర్ణీ పెడదాం" అనేది అమ్మ.

నన్ను వెంటబెట్టుకుని బ్యాంకుకు పోయింది. ఫారం మరాఠీలో ఉంది. అమ్మకు వచ్చింది కొంచెం తెలుగు చదువు. అక్కడి సాహెబ్ ఫారం చూడకుండానే "మీ మాలక్ సంతకం కావాలి, ఆయనకు నౌకరీ ఉందా?" అని అడిగాడు. ఆయన నౌకరీ పోయిందనే కదా ఆమె వచ్చింది! అమ్మ ఏమీ అనకుండా లేచింది. మరో రెండేళ్ళకు అదే గల్లీలో వేరేవాళ్ళు గిర్ణీ పెట్టారు, బాగా నడిచింది. అమ్మ మాత్రం కండ్లు కనిపించినంత కాలం బీడీలే చుట్టింది.

ఆమెకు తెలివి తక్కువై కాదు. పిండి మర నడపడం వారం రోజుల్లో నేర్చుకునేది. కరెంటు మీటరుకు కాగితాలు ఎట్లా పెట్టాలి, కిలోకు ఎంత తీసుకుంటే అద్దె పోగా ఏం మిగులుతుంది, అప్పు ఏ తలుపు కొడితే వస్తుంది, ఈ సంగతులు ఆమె భాషలో కూర్చోబెట్టి చెప్పే మనిషి లేడు. నేర్పడం అంటే ఇదంతా కలిస్తేనే.

కొన్నేళ్ళ కింద మా గల్లీ పక్కనే ఒక పథకం కింద మూడు నెలల కుట్టు తరగతి పెట్టారు. ఇరవైమంది పేర్లు ఇచ్చారు. పొద్దున పదకొండు నుంచి రెండు దాకా. మొదటి వారం అందరూ వచ్చారు. రెండో నెల వచ్చేసరికి తొమ్మిదిమందే మిగిలారు. రానివాళ్ళు బద్ధకస్తులని ఆ తరగతి పెట్టినవాళ్ళు రిపోర్టు రాసుకున్నారు. నేను ఒక వదినను అడిగాను, ఎందుకు మానేసినవని.

"ఏం చెయ్యాలె వదినా? మూడు గంటలు అక్కడ కూసుంటే పొద్దుగూకేసరికి వెయ్యి బీడీలు ఎట్లయితయి? తక్కువ తీసుకపోతే కార్ఖానల ఆకే తక్కువిస్తరు. చిన్నోన్ని ఎవరు పట్టుకోవాలె? మీ క్లాసు ఫుకట్ అంటరు గని నాకైతే రోజూ కూలి పోతున్నది."

ఆ మాట నాకు మనసులో నాటుకుంది. ఫీజు లేదు కాబట్టి ఉచితం అనుకుంటాం. ఆమె లెక్కలో అది రోజుకు ఇంత అని కట్టవలసిన ఫీజే. పైగా ఆ ఫీజు కట్టి చివరిదాకా వచ్చినవాళ్ళకు మిగిలిందేమిటి? ఫొటో, సర్టిఫికెట్. మిషన్లను తాళం వేసిన గదిలో పెట్టారు. కుట్టిన బట్ట ఎక్కడ అమ్మాలో ఎవరూ చెప్పలేదు. వాళ్ళలో ఒక్కతె ఇప్పటికీ కుడుతోంది. ఆమెకు ఇంట్లో అత్తమ్మ పిల్లలను చూసుకునేది, మరిది దుకాణంలో బట్ట అమ్మేవాడు. అంటే తరగతి ఇవ్వని రెండూ ఆమెకు ఇంట్లోనే దొరికాయి.

మూడేళ్ళ కింద మా బిడ్డ పురిటికని కాలిఫోర్నియా పోయి ఐదు నెలలు ఉన్నాను. అమెరికా గొప్పలు చెప్పడానికి రాయడం లేదు. అక్కడ ఒకామె పరిచయమైంది, ఆమె సంగతి మనకు పనికొస్తుంది. మా బిడ్డ ఉన్న బిల్డింగులో ఇండ్లు తుడవడానికి వచ్చేది. మెక్సికో నుంచి వచ్చిన మనిషి. అక్కడ మెక్సికో, గ్వాటెమాలా, ఎల్ సాల్వడార్ లాంటి దేశాల కుటుంబాల ఆడవాళ్ళను లాటినా అంటారు. ఇంట్లో మాట్లాడేది స్పానిష్, ఆఫీసుల్లో ఫారాలు ఇంగ్లీషు. ఇంట్లో తెలుగు, ఆఫీసులో మరాఠీయో కన్నడమో తమిళమో ఒడియానో అయిన మనకు ఆ బాధ ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఆమె ఒకరోజు తమాలీలు తెచ్చిపెట్టింది. మొక్కజొన్న పిండి ముద్దలో కూర పెట్టి, మొక్కజొన్న పొట్టులో చుట్టి, ఆవిరి మీద ఉడికిస్తారు. మన కుడుములకు చుట్టాలే. అవి వండి అమ్మాలని ఆమె కోరిక. అందుకోసం వారానికి రెండు సాయంత్రాలు తరగతికి పోతోంది. మా బిడ్డ మధ్యలో ఉండి చెబుతుంటే ఆ తరగతి ఎట్లా జరుగుతుందో అంతా అడిగాను. పాఠం స్పానిష్‌లోనే. పనులు ముగిశాక, సాయంత్రం ఆరు దాటినాక. పక్క గదిలో పిల్లలను చూసుకోవడానికి ఒక మనిషి. వచ్చినవాళ్ళకు, పిల్లలకు భోజనం. బస్సు ఖర్చు. తరగతి ముగిశాక కూడా నెలకోసారి లెక్కలు చూసే ఒక సలహాదారు. ఇవన్నీ ఎవరిస్తారని అడిగితే, ఒక దాతల ఫౌండేషన్ కొంత, నగరం కొంత, వాళ్ళ సంఘం పోగు చేసింది కొంత అని చెప్పింది. పిల్లల భోజనం కూడా శిక్షణ ఖర్చు కిందనే రాస్తారట. నా చెవులకు అది వింతగా తోచింది, తర్వాత ఎంతో సబబుగా తోచింది.

వాళ్ళకు మన భిషీ లాంటిది కూడా ఉంది. పదిమంది చేరి నెలకింత వేస్తారు, వంతుల ప్రకారం ఒక్కొక్కరు మొత్తం ఎత్తుకుంటారు. దాన్ని తాండా అంటారు. మన లంబాడీ తండాతో సంబంధం ఏమీ లేదు, మాట కలిసిందంతే. "నమ్మకమే కాగితం" అన్నది ఆమె. మన చీటీ కూడా అంతే కదా.

శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇట్లాంటి కుటుంబాలు ఎక్కువగా ఉండే పేట పేరు మిషన్. మన కుట్టు మిషన్ కాదు, అక్కడి పాత చర్చి వల్ల వచ్చిన పేరు. ఆ పేటలో వాలెన్సియా వీధిలో లీవైస్ జీన్స్ కంపెనీకి 1906 నాటి ఫ్యాక్టరీ ఉండేది. 2002లో దాన్ని మూసేశారు. మిల్లు మూతపడ్డ ఇంట్లో పుట్టిన నాకు ఇంతవరకూ కథ తెలిసినదే. తర్వాతిదే తెలియనిది. ఆ ఆస్తి అమ్మితే వచ్చిన సొమ్ములో కొంత తీసి పేట జనం కోసం ఒక నిధిగా పెట్టారు. దాని పేరు మిషన్ అసెట్ ఫండ్, పని మొదలుపెట్టింది 2007లో. అది చేసిన పెద్ద పని ఏమిటంటే ఆ తాండాలను కాగితం మీదికి తేవడం. కొద్దిమంది గుంపుగా చేరతారు, ముందు డబ్బు లెక్కల గురించి ఒక పాఠం వింటారు, తర్వాత నెలనెలా వేస్తారు, వంతు వచ్చినవాళ్ళు వడ్డీ లేకుండా ఎత్తుకుంటారు. ఎవరు సమయానికి కట్టారో ఆ వివరం అప్పుల లెక్కలు ఉంచే సంస్థలకు పోతుంది. దాంతో ఎప్పుడూ బ్యాంకు మెట్లు ఎక్కని మనిషికి కూడా బ్యాంకు దగ్గర ఒక పేరు ఏర్పడుతుంది. మా అమ్మ నలభై ఏళ్ళు చీటీలు వేసింది, ఒక్క నెల తప్పలేదు. ఆ సంగతి ఏ బ్యాంకుకూ తెలియదు.

అదే పేటలో 2005 నుంచి లా కొసీనా అనే సంస్థ ఉంది. ఆ పేరుకు వంటిల్లు అని అర్థం. వండి అమ్మాలనుకునే పేద ఆడవాళ్ళకు, ముఖ్యంగా వేరే దేశాల నుంచి వచ్చినవాళ్ళకు, లైసెన్సు ఉన్న పెద్ద వంటగదిని తక్కువ అద్దెకు ఇస్తుంది. అక్కడ ఇంటి పొయ్యి మీద వండింది బజారులో అమ్మాలంటే సవాలక్ష షరతులు. వంటగది కట్టుకోవడానికి లక్షలు కావాలి. అందుకని పదిమందికి ఒకటే వంటగది, దానితోపాటు ధర ఎట్లా వేయాలి, లైసెన్సు ఎట్లా తేవాలి, గిరాకీ ఎట్లా తేవాలి అని నేర్పేవాళ్ళు. వంట నేర్పరు, అది వాళ్ళకు వచ్చు. నాకు ఈ మాట బాగా నచ్చింది. మన ఆడవాళ్ళకు కూడా పని వచ్చు. పని చుట్టూ ఉన్నవే రావు.

మగవాడి సంతకం సంగతి అక్కడా ఉండేదట. ఆడది వ్యాపారానికి అప్పు అడిగితే మగ చుట్టం సంతకం పెట్టాలని కొన్ని రాష్ట్రాల్లో బ్యాంకులు అడిగేవి. 1988లో చేసిన ఒక చట్టంతో ఆ దారి మూసుకుపోయింది. ఆ చట్టంతోనే ఆడవాళ్ళకు వ్యాపారం నేర్పే కేంద్రాలకు ప్రభుత్వం సొమ్ము ఇవ్వడం మొదలైంది. అందులో ఒక షరతు ఉంది. కేంద్రం నడిపేవాళ్ళు బయటినుంచి తమ వాటా తేవాలి. వాటా లేనిదే సర్కారు సొమ్ము రాదు.

అక్కడ అంతా బంగారమని అనుకోవద్దు. 1988లోనే శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన విమెన్స్ ఇనిషియేటివ్ అనే సంస్థ లాటినాలకు స్పానిష్‌లో వేరే తరగతులు నడిపేది. ఎంతో పేరున్న సంస్థ. డబ్బు చాలక 2014లో మూతపడింది. అంటే దాతల చేతి వైపే చూస్తూ కూర్చుంటే, ఆ చెయ్యి వెనక్కి పోయిన రోజు తరగతి కూడా పోతుంది. మన సంఘం ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇదంతా పరాయిదేశం సంగతి, మనకు కుదరదు అనేవాళ్ళు ఉంటారు. మన మిల్లు కార్మికుల ఇండ్లలో ఇంతకంటే ముందే ఈ పని మొదలైంది. అహ్మదాబాద్‌లో మిల్లు కార్మికుల యూనియన్ మజూర్ మహాజన్ 1954లో మహిళా విభాగం పెట్టి, కార్మికుల ఇంటి ఆడవాళ్ళకు కుట్టు, అల్లిక, టైపింగు నేర్పింది. ఆ విభాగంలోంచే 1972లో ఇలా భట్ గారి సేవా సంఘం పుట్టింది. నేర్పినా చేతిలో పెట్టుబడి లేకపోతే వడ్డీవ్యాపారి దగ్గరికే పోతున్నారని 1974లో 4,000 మంది ఆడవాళ్ళు తలా 10 రూపాయలు వేసి సొంత బ్యాంకు పెట్టుకున్నారు. సంతకం రానివాళ్ళకు ఫొటో పెట్టిన పాసుబుక్కు ఇచ్చారు.

ముంబై గిర్ణగావ్‌లో మన తెలుగు కార్మికులు కూడా ఎందరో ఖానావళ్ అన్నం తిని బతికారు. ఒంటరిగా వచ్చిన కార్మికులకు వండిపెట్టే ఆ ఆడవాళ్ళు సరుకుల కోసం అధిక వడ్డీకి అప్పు చేసేవారు. 1975లో ప్రేమా పురవ్ గారు వాళ్ళను కూడగట్టి అన్నపూర్ణ మహిళా మండల్ పెట్టి, జాతీయ బ్యాంకు అప్పు ఇప్పించారు. మొదట చేరింది 14 మంది. ఒకరికొకరు పూచీ. 1982 జనవరిలో మిల్లుల సమ్మె వచ్చినప్పుడు తిన్నవాళ్ళకే జీతం లేదు, వండినవాళ్ళకు బాకీ ఎట్లా వస్తుంది? అట్లాంటి దెబ్బను కూడా తట్టుకుని ఆ మండల్ నిలిచింది. వెనక సంఘం ఉంది కాబట్టి నిలిచింది.

కర్ణాటకలో ధర్మస్థల దగ్గర ఉజిరెలో 1982లో బ్యాంకులు, ధర్మస్థల ట్రస్టు కలిసి ఒక శిక్షణ సంస్థ పెట్టారు. నేర్పేది కొన్ని వారాలే. కానీ తర్వాత రెండేళ్ళు ఆ మనిషి వెంట ఉంటారు. ఆ పద్ధతినే చూసి ఇప్పుడు దేశమంతా జిల్లాల్లో బ్యాంకులు గ్రామీణ యువత కోసం శిక్షణ సంస్థలు నడుపుతున్నాయి. కొన్ని వారాలు నేర్పడం, రెండేళ్ళు వెంట నడవడం. మన కాగితంలో మొదటిదే ఉంది, రెండోది లేదు.

మిల్లు సొమ్ము సంగతి కూడా ఒక్క మాట. ముంబైలో 1991 నాటి నియమం ప్రకారం మిల్లు భూమి అభివృద్ధి చేస్తే మూడింట ఒక వంతు నగరానికి ఖాళీ జాగా, ఒక వంతు సామాన్యుల ఇండ్లకు, ఒక వంతు యజమానికి. 2001లో ఆ నియమం మార్చి, కట్టడాలు లేని జాగాలోనే వంతు అన్నారు. 2006లో సుప్రీంకోర్టు ఆ మార్పును ఒప్పుకుంది. ఇండ్ల కోసం కార్మికులు పోరాడారు, ఇంకా పోరాడుతున్నారు. ఆ కార్మికుల పెండ్లాలకు, బిడ్డలకు పని నేర్పే వంతు మాత్రం మొదటి నియమంలోనూ లేదు, రెండోదానిలోనూ లేదు. పెద్దవాళ్ళు రాసిన లెక్కలో మన ఆడవాళ్ళ పద్దు రాయలేదు. మనం రాసుకునే లెక్కలో కూడా మరిచిపోతే ఇక ఎవరిని అనాలి?

అందుకని నేను అడిగేది ఇది. మిషన్లు సగానికి తగ్గించండి. సభ ఖర్చు తీసేయండి, చాయ్‌తో సరిపెట్టుకుందాం. మిగిలినదానితో నాలుగు పద్దులు కొత్తగా రాయండి.

మొదటిది కూలి పద్దు. తరగతి ఉన్న రోజు వచ్చిన ప్రతి ఆమెకు, పోయిన బీడీల కూలి పూర్తిగా కాకపోయినా సగమైనా చేతిలో పెట్టాలి. ఇది దానం కాదు. టీచరు గంటకు విలువ కట్టినప్పుడు నేర్చుకునేవాళ్ళ గంటకూ విలువ కట్టాలి.

రెండోది పిల్లల పద్దు. హాలు వెనక గదిలో మన అవ్వలు ఇద్దరు కూర్చుంటే చాలు. వాళ్ళకు కూడా కొంత ఇవ్వాలి. పిల్లలకు ఉప్మానో పోహాయో పెట్టాలి.

మూడోది కాగితాల పద్దు. తెలుగులో చెప్పి, మరాఠీ ఫారం నింపడం నేర్పే ఒక చదువుకున్న పిల్ల కావాలి. ఉద్యమ్ నమోదుకు సర్కారు ఒక్క పైసా తీసుకోదు, అయినా మన గల్లీలో ఏజెంట్లకు వందలు ఇస్తున్నారు. ముద్రా శిశు అప్పు 50,000 రూపాయల వరకు తాకట్టు లేకుండా ఇస్తారు. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో ఆడవాళ్ళు సొంతంగా వేయవలసింది 5 శాతమే. ఇవి తెలియక ఎందరో మైక్రోఫైనాన్స్ వారపు కిస్తీల్లో పడ్డారు.

నాలుగోది వెంట నడిచే పద్దు. తరగతి ముగిశాక ఏడాది పాటు నెలకోసారి ఒకామె ఇంటింటికీ పోయి లెక్కల పుస్తకం చూడాలి. మొదటి ఆర్డరు మనమే ఇవ్వాలి. రథోత్సవం వలంటీర్ల చొక్కాలు బయట కుట్టించడం ఎందుకు?

ఇక మన వాటా. నేర్చుకునే ఇరవైమంది తరగతి మొదటి రోజు నుంచే ఒక భిషీ వేసుకోవాలి, చిన్నదైనా సరే, బ్యాంకు ఖాతాలో. ఎవరు ఏ తారీఖున కట్టారో పుస్తకంలో రాయాలి. ఏడాది తర్వాత ఆ పుస్తకం తీసుకుని బ్యాంకు సాహెబ్ ముందు కూర్చుంటే, మాలక్ సంతకం ఏదని అడగడానికి ఆయన ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు.

గేటు వద్దని నేను అనడం లేదు. పాత గేటు ఇంకో రెండేళ్ళు ఆగుతుంది, నూనె వేస్తే కిర్రుమనదు. వచ్చే ఆదివారం సమావేశంలో ఈ నాలుగు పద్దులు చదివి వినిపించమని కమిటీవాళ్ళను అడిగాను. నా దగ్గర రెండు మిషన్లు ఖాళీగా ఉన్నాయి, అవి ఇస్తాను. శనివారం సాయంత్రాలు నావి. ఆ రోజు ఆడవాళ్ళు కూడా రండి. బీడీల చాట వెంట తెచ్చుకున్నా ఎవరూ ఏమీ అనరు, చుట్టుకుంటూనే చెయ్యి ఎత్తవచ్చు.